పర్వతారణ్య పథికుడు – జాన్ మ్యూర్

యాత్ర అనగానే మనకు గమ్యస్థానం గుర్తుకు వస్తుంది. ఏ ఊరు చేరాలి, ఏ దైవాన్ని దర్శించాలి, ఎన్నాళ్లకు తిరిగి రావాలి అన్న లెక్కలు వేసుకొని బయలుదేరడం లోకసహజం. చేరవలసిన చోటుకంటె నడిచే దారిమీదనే ఎక్కువ మక్కువ గలవారు అరుదుగా కనిపిస్తారు. కొన్ని రొట్టెముక్కలు, కొంచెం తేయాకు, ఒక నోటుపుస్తకం మాత్రమే వెంట తీసుకొని, దుప్పటి కూడా లేకుండా మంచుకొండల నడుమ రాత్రులు గడిపిన జాన్ మ్యూర్ అటువంటివాడు. ఆయన రాజు కాడు, సేనాని కాడు, కనీసం పట్టభద్రుడు కూడా కాడు. అయినా అమెరికా దేశాధ్యక్షుడంతటివాడు రాజలాంఛనాలను పక్కనబెట్టి ఆయనతో కలిసి అడవిలో మూడు రాత్రులు నిద్రించాడు. ఒక బాటసారి నడక ఎట్లా మొదలైంది, చట్టాలను పుట్టించగల శక్తిని ఎట్లా సంపాదించింది, చివరకు ఎక్కడ ఓడిపోయింది అన్నది ఆయన జీవితకథ.

బాల్యం – శ్రమ

జాన్ మ్యూర్ 1838 ఏప్రిల్ 21న స్కాట్లండులోని డన్‌బార్ అనే సముద్రతీర పట్టణంలో జన్మించాడు. తండ్రి డేనియల్ మ్యూర్ కఠినమైన మతనిష్ఠ గలవాడు. తల్లి ఆన్ సౌమ్యురాలు. బైబిలు గ్రంథాన్ని కంఠస్థం చేయించడమే చదువులో ప్రధానభాగమని తండ్రి నమ్మకం. అప్పగించిన పాఠం తప్పితే దెబ్బలు తప్పేవి కావు. అయినా సందు దొరికితే చాలు, బాలుడు తోటివారితో కలిసి పొలాలవైపు, సముద్రపు ఒడ్డువైపు, పాడుబడిన కోటగోడలవైపు పరుగుతీసేవాడు. పక్షిగూళ్లు వెదకడం, అలలు మిగిల్చిపోయిన నీటిగుంటలలో జలచరాలను చూడడం ఆ వయస్సులోనే అలవడింది.

1849లో మ్యూర్ కుటుంబం అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికాలోని విస్కాన్సిన్ ప్రాంతానికి వలస వెళ్లింది. అడవి నరికి పొలం చేసే పని అక్కడ వారికోసం కాచుకొని ఉన్నది. పదకొండేళ్ల జాన్ నాగలి పట్టవలసివచ్చింది. మొదటి పొలం సారం తగ్గగానే తండ్రి మరికొంత దూరంలో రెండవ పొలం కొన్నాడు. అక్కడ నీటివసతి లేదు. బావి తవ్వే భారం జాన్ మీద పడింది. కొంతలోతు పోగానే ఇసుకరాయి తగిలింది. ఉలి, సుత్తి చేతబట్టి ఆ యువకుడు నెలల తరబడి ఒంటరిగా రాతిని తొలిచాడు. ఒకనాటి ఉదయం బావి అడుగున నిండిన విషవాయువు పీల్చి స్పృహతప్పే స్థితికి చేరాడు. పైనున్నవారు బొక్కెనతో లాగి రక్షించారు. కొద్దిరోజుల విశ్రాంతి తరువాత ఆయన మళ్లీ అదే బావిలోకి దిగాడు. సుమారు 90 అడుగుల లోతున నీరు పడింది. ఆ బావి ఆయనకు ఓర్పు నేర్పింది. తండ్రి పొలంలో జీవితం గడపరాదన్న నిశ్చయాన్ని కూడా కలిగించింది.

పగలంతా పని. చదువుకోవడానికి వ్యవధి లేదు. తెల్లవారుజామున ఎంత ముందుగా లేచినా అభ్యంతరం లేదని తండ్రి ఒకసారి అనుమతి ఇచ్చాడు. ఆ మాటను పట్టుకొని జాన్ అర్ధరాత్రి దాటగానే లేచి నేలమాళిగలో కొయ్యతో గడియారాలు, వింతయంత్రాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. నిర్ణీతసమయానికి మంచాన్ని వంచి, పడుకొన్నవాడిని నేలమీద నిలబెట్టే యంత్రం వాటిలో ఒకటి. 1860లో మాడిసన్ నగరంలో జరిగిన ప్రదర్శనలో ఈ యంత్రాలను చూచి జనం ఆశ్చర్యపోయారు. ఆ గుర్తింపు ఆయనకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి దారి చూపింది.

విశ్వవిద్యాలయంలో ఒకనాడు సహాధ్యాయి ఒకడు పెద్దచెట్టు పువ్వును కోసి చూపి, ఆ మహావృక్షమూ నేలమీద పాకే బఠానీతీగా ఒకే కుటుంబానికి చెందినవని వివరించాడు. పైకి ఏ పోలికా లేని రెండింటి మధ్య ఇంతటి బంధుత్వం ఉన్నదన్న సంగతి జాన్ మనస్సును కుదిపివేసింది. నాటినుంచి ఆయన సంచిలో మొక్కల నమూనాలు తప్ప మరొకటి కనిపించేది కాదు. పట్టా పుచ్చుకోకుండానే 1863లో విశ్వవిద్యాలయాన్ని విడిచిపెట్టాడు.

చీకటిగది

యంత్రాలమీద నేర్పు ఉన్నందువల్ల ఉపాధికి లోటు కలుగలేదు. కొంతకాలం కెనడాలో ఒక కొయ్యసామాన్ల మిల్లులో పనిచేశాడు. అది అగ్నికి ఆహుతి కాగా అమెరికాకు తిరిగివచ్చి ఇండియానాపొలిస్ నగరంలో బండిచక్రాల భాగాలు తయారుచేసే కర్మాగారంలో చేరాడు. పనిలో ఆయన చూపిన ప్రతిభకు యజమానులు సంతోషించారు. మరికొన్నేళ్లు అక్కడే ఉంటే ధనికుడు కావడం ఖాయంగా కనిపించింది.

1867 మార్చినెలలో ఒక సాయంకాలం యంత్రపు తోలుపట్టీ ముడి విప్పుతుండగా చేతిలోని ఆకురాయి జారి మొన కుడికంటిలో గుచ్చుకొన్నది. కొన్ని గంటలలో ఆ కంటిచూపు పోయింది. దెబ్బతగలని ఎడమకన్ను కూడా మసకబారింది. ఇరవైతొమ్మిదేళ్లు నిండని యువకుడు చీకటిగదిలో వారాలతరబడి పడుకోవలసివచ్చింది. ఇక ఏ పువ్వునూ చూడలేనన్న దుఃఖం ఆయనను దహించింది. అదృష్టవశాన చూపు క్రమంగా తిరిగివచ్చింది. యజమానులు పెద్దపదవి ఇస్తామన్నా ఆయన అంగీకరించలేదు. తిరిగి లభించిన చూపును యంత్రాలకు అర్పించరాదని, భగవంతుని సృష్టిని చూడడానికే వినియోగించాలని నిశ్చయించుకొన్నాడు.

వేయిమైళ్ల నడక

అదే సంవత్సరం సెప్టెంబరులో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నుంచి ఆయన దక్షిణదిశగా నడక ప్రారంభించాడు. జనసంచారం తక్కువగా, చెట్లు ఎక్కువగా ఉన్న దారిని ఎంచుకోవడం ఒక్కటే ఆయన పెట్టుకొన్న నియమం. కెంటకీ, టెనెసీ, జార్జియా, ఫ్లోరిడా రాష్ట్రాలగుండా సుమారు వేయిమైళ్లు, అంటే 1600 కిలోమీటర్లు నడిచి మెక్సికో సింధుశాఖ ఒడ్డున ఉన్న సీడార్ కీ చేరాడు. అంతర్యుద్ధం ముగిసి రెండేళ్లు మాత్రమే గడిచిన కాలమది. దారిపొడవునా పాడుబడిన పొలాలు, ఆకలిగొన్న గ్రామాలు, దారిదోపిడిగాండ్లు ఎదురయ్యారు. సవన్నా నగరంలో ఇంటినుంచి రావలసిన డబ్బు అందక, ఊరిబయటి శ్మశానంలో ఓక్ చెట్లకింద కొన్ని రాత్రులు పడుకొన్నాడు. తన నోటుపుస్తకంపై చిరునామాగా ఏ ఊరిపేరూ రాయలేదు. తాను భూగోళవాసినని, విశ్వమే తన ఊరని రాసుకొన్నాడు.

సీడార్ కీలో మలేరియా జ్వరం ఆయనను చాలాకాలం మంచాన పడవేసింది. దక్షిణ అమెరికా అడవులకు వెళ్లాలన్న కోరిక తీరలేదు. క్యూబా వరకు వెళ్లి, చల్లనిగాలికోసం దిశ మార్చి, పనామా మీదుగా 1868 మార్చిలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. నగరంలో ఎక్కువసేపు నిలవకుండా తూర్పుదిక్కుగా నడక సాగించాడు. పచేకో కనుమ ఎక్కి చూచేసరికి ఎదుట విశాలమైన మైదానమంతా వసంతపుష్పాలతో పసుపుతివాచీ పరచినట్లున్నది. దానికి ఆవల ఆకాశపుటంచున సియెర్రా నెవాడా పర్వతశ్రేణి కాంతులీనుతున్నది. సుమారు 640 కిలోమీటర్లు పొడవున్న ఆ శ్రేణిని చూచిన క్షణంనుంచి ఆయన జీవితం దానితో ముడిపడిపోయింది.

గొర్రెలకాపరి – శాస్త్రవేత్త

1869 వేసవిలో ఆయనకు ఒక పని దొరికింది. దాదాపు రెండువేల గొర్రెలను మైదానంనుంచి ఎత్తైన కొండలమీది పచ్చికబయళ్లకు తోలుకొనిపోయే బృందానికి తోడుగా ఉండాలి. మంద నెమ్మదిగా కదులుతుండగా ఆయనకు బొమ్మలు గీసుకోవడానికి, మొక్కలు సేకరించడానికి, శిఖరాలు ఎక్కడానికి కావలసినంత సమయం చిక్కింది. మంద ఎత్తులకు పోయేకొద్దీ అడవి మారుతూ వచ్చింది. పర్వతపాదంలోని ఓక్ చెట్లు పోయి పైన్ చెట్లు వచ్చాయి. వాటి తరువాత ఫర్ చెట్లు, చివరకు చెట్లే లేని నున్నని రాతిబయళ్లు కనిపించాయి. సముద్రమట్టానికి సుమారు 8600 అడుగుల ఎత్తున ఉన్న టువాలమీ పచ్చికబయళ్లలో ఆయన గడిపిన రోజులు జీవితాంతం మరపునకు రాలేదు. ఆ ఆనందంలోనే ఒక కలత కూడా పుట్టింది. తాము తోలుకొనివచ్చిన మంద నడిచిన చోటల్లా పువ్వు మిగలడంలేదు, గడ్డి మిగలడంలేదు. మిడతలదండు వాలిన పైరులాగా కొండచరియలు బోసిపోతున్నాయి. పొట్టకూటికోసం తాను చేస్తున్న పనే తాను ప్రేమించినదానిని నాశనం చేస్తున్నదని ఆయన గ్రహించాడు. తరువాతి ఇరవైయేళ్లలో ఆయన చేసిన పోరాటానికి బీజం ఆ వేసవిలోనే పడింది.

ఆ సంవత్సరమే ఆయన యోసెమిటీ లోయలో స్థిరపడ్డాడు. సుమారు 11 కిలోమీటర్లు పొడవున్న ఆ లోయకు ఇరువైపులా నల్లసేనపు రాతిగోడలు నిటారుగా నిలిచి ఉంటాయి. ఎల్ కాపిటన్ అనే ఏకశిల లోయ అడుగునుంచి దాదాపు 3000 అడుగులు లేచి ఉంటుంది. యోసెమిటీ జలపాతం మూడంచెలుగా మొత్తం 2425 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. లోయలోని ఒక వసతిగృహం యజమాని వద్ద మ్యూర్ కర్రకోత మిల్లు నడిపే పని సంపాదించాడు. గాలివానలకు కూలిన చెట్లను మాత్రమే కోసేవాడు. తానుగా కట్టుకొన్న కుటీరంలో ఒక మూలగుండా చిన్నవాగు పాయ ప్రవహించేటట్లు ఏర్పాటు చేసుకొన్నాడు. రాత్రులు నీటిసవ్వడి వింటూ నిద్రపోవడం ఆయనకు ఇష్టం.

యోసెమిటీ లోయ ఎట్లా ఏర్పడిందన్న ప్రశ్న ఆనాడు పండితులను వేధిస్తున్నది. భూమి ఒక్కసారిగా కుంగిపోయి లోయ పుట్టిందని కాలిఫోర్నియా రాష్ట్ర భూగర్భశాస్త్రవేత్త జోసయ్యా విట్నీ సిద్ధాంతం చేశాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన ఆయన మాటకు తిరుగులేదు. మ్యూర్ మాత్రం కొండలలో తిరుగుతూ రాళ్లమీది గీతలను, అద్దంలా నునుపెక్కిన రాతిపలకలను, దూరప్రాంతాలనుంచి కొట్టుకొనివచ్చి నిలిచిపోయిన బండలను పరిశీలించాడు. పూర్వకాలంలో హిమానీనదాలు, అంటే నెమ్మదిగా జారే మంచునదులు, ఈ లోయను చెక్కాయని నిర్ధారణకు వచ్చాడు. గొర్రెలు కాచుకొనేవాడికి భూగర్భశాస్త్రం ఏమి తెలుసునని విట్నీ తేలికచేసి మాట్లాడాడు.

మ్యూర్ వాదానికి దిగలేదు. కొండలు ఎక్కాడు. 1871లో ఎత్తైన శిఖరాల నీడలో ఇంకా సజీవంగా ఉన్న ఒక చిన్న హిమానీనదాన్ని కనుగొన్నాడు. అది ఎండకు కరగని మంచుగుట్ట మాత్రమేనని కొందరు ఆక్షేపించగా 1872 ఆగస్టులో మెక్లూర్ శిఖరంపైని మంచులో వరుసగా కొయ్యమేకులు పాతివచ్చాడు. 46 రోజుల తరువాత వెళ్లి కొలిచిచూడగా ఒక మేకు 47 అంగుళాలు కిందికి జరిగి ఉన్నది. మంచు కదులుతున్నదనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. నదుల కోత, రాతిలోని పగుళ్లు కూడా లోయ రూపానికి కారణమని తరువాతి పరిశోధకులు వివరించారు. అయినా హిమానీనదాల పాత్ర విషయంలో ఆచార్యుని సిద్ధాంతం వీగిపోయి, గొర్రెలకాపరి పరిశీలన నిలిచింది. పుస్తకంలో ఉన్నదానిని కంటితో చూచి సరిచూసుకోవాలన్న శాస్త్రదృష్టికి ఇది చక్కని నిదర్శనం.

శిఖరాలు – తుపానులు

ఆయన యాత్రావిధానం మిక్కిలి నిరాడంబరమైనది. చీకటిపడిన చోటనే విడిది. పైన్ కొమ్మలే పరుపు. ఎండుకర్రల నెగడే దుప్పటి. చలి ఎక్కువైతే లేచి నెగడు చుట్టూ తిరిగేవాడు. ఎండినరొట్టెను తేనీటిలో ముంచుకొని తిని తెల్లవారకముందే నడక మొదలుపెట్టేవాడు. తుపాకి వెంట ఉంచుకొనేవాడు కాడు.

1872 అక్టోబరులో రిట్టర్ పర్వతాన్ని ఒంటరిగా ఎక్కాడు. 13 వేల అడుగులకు పైబడిన ఆ శిఖరాన్ని అంతకుముందు ఎవరూ ఎక్కినట్లు దాఖలా లేదు. సగం ఎత్తున ఒక రాతిగోడకు అంటుకొనిపోయి, పైకి పోలేక కిందికి రాలేక చిక్కుపడ్డాడు. చేతికి పట్టు లేదు, కాలికి ఊత లేదు. కొద్దిక్షణాలు మనస్సు మొద్దుబారింది. పిమ్మట వింతప్రశాంతత ఆవరించి, రాతిలోని ప్రతి చీలికా స్పష్టంగా కనిపించసాగింది. ఆ చీలికలలో వేళ్లు దూర్చి పైకి చేరాడు. 1874 డిసెంబరులో ప్రచండమైన గాలి వీస్తున్న వేళ దాదాపు వంద అడుగుల చెట్టు ఎక్కి, కొనకొమ్మ ఊగులాటలో కొన్నిగంటలు గడిపాడు. గాలికి అడవి ఎట్లా వంగుతుందో చెట్టు ఎట్లా తెలుసుకొంటుందో తానూ అట్లాగే తెలుసుకోవాలన్నది ఆయన కోరిక.

సాహసం ఎల్లప్పుడూ ఆనందంగా ముగియలేదు. 1875 ఏప్రిల్ చివర 14 వేల అడుగులకు పైబడిన శాస్తా శిఖరాన్ని జెరోమ్ ఫే అనే సహచరునితో కలిసి ఎక్కాడు. పరిశీలన పూర్తికావాలన్న పట్టుదలతో దిగిరావడం ఆలస్యం చేశాడు. మంచుతుపాను దారి మూసివేసింది. అగ్నిపర్వతపు వేడిఆవిరి చిమ్మే బురదలో ఇద్దరూ రాత్రంతా పడుకొన్నారు. కింది భాగం కాలుతున్నది, పైభాగం గడ్డకడుతున్నది. తెల్లవారిన తరువాత కొయ్యబారిన కాళ్లతో ఎట్లాగో దిగివచ్చారు. ఆ రాత్రి మంచుకాటుకు గురైన పాదాల బాధ ఆయనను చాలాకాలం విడువలేదు. కొండను ప్రేమించేవాడు కొండకు భయపడవలసిన వేళ కూడా ఉంటుందని ఈ సంఘటన హెచ్చరిస్తున్నది.

1879లో ఆయన ఉత్తరదిశగా అలాస్కాకు పయనించాడు. త్లింగిట్ జాతివారు నడిపే పడవలో మంచుగడ్డలు తేలే సముద్రపుపాయలగుండా వెళ్లి, నేడు గ్లేసియర్ బే అని పిలిచే అఖాతాన్ని దర్శించాడు. మరుసటి సంవత్సరం అక్కడి హిమానీనదంపై స్టికీన్ అనే చిన్నకుక్క ఆయన వెంటపడింది. తుపానువేళ లోతైన మంచుచీలికపై కత్తిఅంచువంటి వంతెనను ఇద్దరూ దాటవలసివచ్చింది. భయంతో ఏడ్చి, చివరకు ధైర్యం చేసి దాటి, ఆనందంతో గంతులు వేసిన ఆ మూగజీవిని ఆయన ఎన్నడూ మరువలేదు. దాని కథను తరువాతికాలంలో పుస్తకంగా రాశాడు.

నెగడు వెలుగులో పుట్టిన ఉద్యానవనం

1880 ఏప్రిల్ 14న మ్యూర్ లూయీ స్ట్రెంట్జెల్‌ను వివాహమాడాడు. మార్టినెజ్ పట్టణంలో మామగారి పండ్లతోట బాధ్యత ఆయనపై పడింది. వాండా, హెలెన్ అని ఇద్దరు కుమార్తెలు కలిగారు. ద్రాక్ష, బేరి పండ్ల సాగులో ఆయన బాగా సంపాదించాడు. ఆరోగ్యం మాత్రం క్షీణించింది. రాతప్రతులు బల్లమీద దుమ్ముకొట్టుకొనిపోయాయి. భర్త మనస్సు ఎక్కడ ఉన్నదో గ్రహించిన లూయీ, తోటకంటె ఆయన ఆరోగ్యమూ రచనా ముఖ్యమని భావించి ఆయనను కొండలకు తిరిగి పంపింది. తోటలో కొంతభాగాన్ని వదులుకోవడానికి కూడా సిద్ధపడింది. మ్యూర్ సాధించిన వాటిలో ఆమె త్యాగానికి తగిన భాగం ఉన్నది.

1889 జూన్‌లో సెంచురీ అనే మాసపత్రిక సంపాదకవర్గానికి చెందిన రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ మ్యూర్‌తో కలిసి టువాలమీ పచ్చికబయళ్లకు వచ్చాడు. మ్యూర్ వర్ణించిన పూలబయళ్లకోసం జాన్సన్ వెదికాడు. గొర్రెలమందలు మేసిపోయిన నేల మాత్రమే కనిపించింది. 1864లోనే యోసెమిటీ లోయ రక్షణ కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగింపబడినా చుట్టూ ఉన్న అడవులకు, నదుల పుట్టుకస్థానాలకు ఏ రక్షణా లేదు. పైన అడవి పోతే కింద జలపాతం నిలవదు. ఆ రాత్రి నెగడు పక్కన కూర్చొని ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. మ్యూర్ రెండు వ్యాసాలు రాయాలి. జాన్సన్ వాటిని ప్రచురించి శాసనకర్తలను ఒప్పించాలి. 1890లో ఆ వ్యాసాలు వెలువడ్డాయి. ఆ సంవత్సరమే అక్టోబరు 1న యోసెమిటీ జాతీయోద్యానవనాన్ని ఏర్పరుస్తూ చట్టం వచ్చింది. దానిని కాపాడడానికి 1892 మే 28న సియెర్రా క్లబ్ అనే సంస్థ ఆవిర్భవించింది. మ్యూర్ తుదిశ్వాస వరకు దానికి అధ్యక్షుడుగా ఉన్నాడు.

1903 మే నెలలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ యోసెమిటీ చూడవచ్చాడు. విందులు, దీపాలంకరణలు సిద్ధమయ్యాయి. అధ్యక్షుడు వాటిని కాదని మ్యూర్‌తో కలిసి గుర్రాలపై అడవిలోకి వెళ్లిపోయాడు. మొదటి రాత్రి వేలయేళ్ల వయస్సుగల సెకోయా మహావృక్షాల నీడలో పడుకొన్నారు. రెండవ రాత్రి గ్లేసియర్ పాయింట్ సమీపాన విడిది చేయగా తెల్లవారేసరికి వారి దుప్పట్లమీద మంచు పేరుకొన్నది. అధ్యక్షుడు దానికి చిన్నపిల్లవాడిలాగా సంబరపడ్డాడు. మూడవ రాత్రి లోయలోని పచ్చికబయలులో గడిపారు. లోయ రక్షణను రాష్ట్రంనుంచి కేంద్రప్రభుత్వం స్వీకరించాలని మ్యూర్ ఆయనను కోరాడు. 1906లో ఆ కోరిక నెరవేరింది. రూజ్‌వెల్ట్ తన పదవీకాలంలో సుమారు 23 కోట్ల ఎకరాల అడవులను, ప్రకృతిక్షేత్రాలను రక్షణకిందికి తెచ్చాడు. అదే సంవత్సరం, అంటే 1903లో, మ్యూర్ ప్రపంచయాత్రకు బయలుదేరి మన దేశానికి కూడా వచ్చాడు. హిమాలయసానువులలోని దేవదారువృక్షాలను చూచి ముగ్ధుడయ్యాడు.

ఓడిన పోరాటం

యోసెమిటీ ఉద్యానవనంలోనే హెచ్ హెచీ అనే మరొక లోయ ఉన్నది. అందంలో అది పెద్దలోయకు చెల్లెలివంటిది. టువాలమీ నది దానిగుండా ప్రవహిస్తుంది. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని భయంకరమైన భూకంపం, అగ్నిప్రమాదం ధ్వంసం చేశాయి. మంటలార్పడానికి నీరు చాలలేదు. నగరప్రజలకు నమ్మకమైన నీటిసరఫరాకోసం హెచ్ హెచీ వద్ద ఆనకట్ట కట్టాలన్న పాతకోరికకు ఆ దుర్ఘటన బలం చేకూర్చింది. లక్షలమంది దాహం ఒకవైపు, ఒక లోయ సౌందర్యం మరొకవైపు నిలిచాయి. ప్రకృతివనరులను ప్రజల ఉపయోగానికి వివేకంతో వాడుకోవాలన్న గిఫర్డ్ పిన్‌చాట్ వంటి అటవీశాస్త్రజ్ఞులు ఆనకట్టను సమర్థించారు. నీటికి వేరేచోట్లు ఉన్నాయని, జాతికి అంకితమైన ఉద్యానవనాన్ని ఒకసారి ముంచితే ఏ ఉద్యానవనానికీ భద్రత ఉండదని మ్యూర్ వాదించాడు. సియెర్రా క్లబ్ సభ్యులలోనే అభిప్రాయభేదాలు తలెత్తాయి.

దేశమంతటినుంచి నిరసనలేఖలు వెల్లువెత్తినా 1913 డిసెంబరు 19న ఆనకట్టను అనుమతించే చట్టంపై అధ్యక్షుడు విల్సన్ సంతకం చేశాడు. ఏడేళ్ల పోరాటం ఆ విధంగా ముగిసింది. డెబ్భైఅయిదేళ్ల మ్యూర్ శరీరం అప్పటికే అలసి ఉన్నది. 1914 డిసెంబరు 24న లాస్‌ఏంజిలిస్ నగరంలో న్యుమోనియాతో ఆయన కన్నుమూశాడు. 1923 నాటికి ఆనకట్ట పూర్తయి లోయ నీటమునిగింది. ఆ నీరు నేటికీ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రజల దాహం తీరుస్తున్నది. ఆ లోయను తిరిగి వెలికితీయాలన్న వాదం కూడా నేటికీ వినిపిస్తున్నది. అభివృద్ధి, ప్రకృతిరక్షణ ఒకదానికొకటి ఎదురైనపుడు ఏది వదులుకోవాలన్న ప్రశ్న ఆ లోయతోపాటు మునిగిపోలేదు.

వారసత్వం

మహనీయుల జీవితాన్ని చదివేటప్పుడు వారి లోపాలను కూడా గమనించడం న్యాయం. మ్యూర్ నిర్జనమని భావించిన యోసెమిటీ లోయ నిజానికి అవానీచీ అనే ఆదివాసుల నివాసభూమి. 1851లో సాయుధదళాలు వారిని అక్కడినుంచి వెళ్లగొట్టాయి. ఆదివాసులను, నల్లజాతివారిని గురించి మ్యూర్ తొలిరచనలలో చులకనభావం కనిపిస్తుంది. అలాస్కాలో త్లింగిట్ జాతివారితో కలిసి ప్రయాణించిన తరువాత ఆయన దృష్టి కొంత మారింది. ఆయన స్థాపించిన సియెర్రా క్లబ్ 2020లో ఈ లోపాన్ని బహిరంగంగా అంగీకరించింది. అడవిని కాపాడడమంటే అందులో తరతరాలుగా బ్రతికిన మనుషులను కూడా గౌరవించడమని నేటి ఆలోచన.

ఆయన మరణానంతరం 1916లో అమెరికా జాతీయోద్యానవనాల నిర్వహణకు ప్రత్యేకశాఖ ఏర్పడింది. యోసెమిటీ లోయనుంచి విట్నీ శిఖరం వరకు సియెర్రా శ్రేణిమీదుగా 211 మైళ్లు, అంటే సుమారు 340 కిలోమీటర్లు సాగే కాలిబాటకు జాన్ మ్యూర్ పేరు పెట్టారు. తనను గొర్రెలకాపరి అని పరిహసించిన ఆచార్యుని పేరు గల శిఖరం వద్దకే ఆ బాట చేరడం ఒక విశేషం. 2005లో విడుదలైన కాలిఫోర్నియా నాణెంపై చేతికర్ర పట్టి లోయను చూస్తున్న ఆయన రూపం ముద్రింపబడింది.

మ్యూర్ గొర్రెలమంద వెంట నడిచిన టువాలమీ ప్రాంతంగుండా నేడు టయోగా రోడ్డు పోతుంది. దాదాపు పదివేల అడుగుల ఎత్తున కనుమ దాటే ఆ దారిని శీతకాలమంతా మంచు మూసివేస్తుంది. వేసవి రాగానే వేలాదికుటుంబాలు కార్లలో వచ్చి, గుడారాలు వేసుకొని, పిల్లలతో కొండలు ఎక్కుతారు. వారిలో ఎందరికి ఆ బాటసారి పేరు తెలుసునో చెప్పలేము. పచ్చికబయళ్లలో పూలు పూస్తున్నాయి. గొర్రెలమందలు అక్కడికి రావడంలేదు. చీకటిగదిలో పడుకొని ఒక్క పువ్వునైనా మళ్లీ చూడగలనా అని పరితపించిన యువకుడు, చూపు వచ్చిన తరువాత తాను చూచినది రాబోయే తరాలవారు కూడా చూడగలగాలని తపించాడు. మన ఊరి చెరువుగట్టునో, ఊరివెనుక గుట్టనో అటువంటి కళ్లతో ఒకసారి నడిచి చూడడం ఈ జీవితచరిత్ర చదివిన విద్యార్థులు చేయదగిన మొదటి యాత్ర.